మైకులో మజ్జిగ పులుసు

ఈ ఉదయం పళ్ళు తోముకుంటుండగా వీధి మొదటి నుంచి కీచుమని ఒక శబ్దం వచ్చింది. పాత మైకు సెట్టును ఆన్ చేయగానే అది పెట్టే మొదటి ఏడుపు. వినాయక చవితి పందిరికి కర్రలు పాతుతున్నారు. ఎవరో “హలో, హలో, మైక్ టెస్టింగ్” అన్నారు. నోట్లో నురగతోనే గేటు దాకా వెళ్ళి నిలబడ్డాను, ఆ తర్వాత రావలసిన మాట కోసం. రాలేదు. రాదని నాకు తెలుసు. చెవులకు మాత్రం ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

బాలమణి ఎప్పుడూ “హలో” అని మైకును పరీక్షించేది కాదు. దాన్ని నోటికి దగ్గరగా పెట్టుకుని, “ఇయ్యాల మా ఇంట్ల పచ్చిపులుసు. కోడిగుడ్డు లేదు” అనేది. అంతే. ఆ మాట చివరి ఇంటికి వినబడితే మైకు బాగున్నట్టు. పచ్చిపులుసంటే పొయ్యి కూడా వెలిగించనక్కరలేని చింతపండు పులుసు. కరీంనగర్ రోడ్డు మీద అలియాబాద్ దాటి లోపలికి తిరిగితే మా కాలనీ. ఆ మలుపులోనే ఆమె టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, ఈ మైకు సెట్టు అద్దెకిచ్చేది. భర్త పోయాక ఒక్కతే నడిపింది. దుకాణం ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి పెట్టి, వాటి మీద కూర్చునేది. రెండెందుకని అడిగితే, “ఓనర్ అన్నంక జర ఎత్తుల కూసోవాలె సారూ” అంది.

మేము తణుకు వైపు వాళ్ళం. నాకు మేడ్చల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. మాత్రలు సరిగ్గా కరుగుతున్నాయో లేదో చూడటం నా పని. నా భార్య సుధ ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. కుత్బుల్లాపూర్‌లో చాలాకాలం అద్దెకుండి, ఇద్దరి జీతాలూ బ్యాంకుకు చూపించి ఇక్కడ ఇల్లు కొన్నాం. కొన్నాం అనటం ఒక మర్యాద. గృహప్రవేశానికి కుర్చీలు కావాలని వెళ్ళినప్పుడే బాలమణిని మొదటిసారి చూశాను.

“ఎంతమంది వస్తరు సారూ?”

“అందరూ వస్తారండీ.”

“అందరంటే? షామీర్‌పేట చెరువుల చేపలు సుత వస్తయా?”

నేను గంభీరంగా నాకు తోచిన సంఖ్య చెప్పాను. ఆమె అన్ని కుర్చీలూ పంపించింది. సాయంత్రం కుర్చీలు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు, దొంతరలో నుంచి అసలు కిందికి దిగని కుర్చీలే ఎక్కువగా ఉన్నాయి. వాటి మీద చెయ్యి వేసి, “ఖాళీ కుర్చీ సుత తింటది సారూ. అన్నం తినది, మీ పైసలు తింటది” అంది. అద్దె మాత్రం తగ్గించలేదు.

ఆ మరుసటి ఏడాది సుధ పనిచేసే బడిని ఇంకో బడిలో కలిపేశారు. టీచర్లు ఎక్కువయ్యారని తేలింది. శాలువా కప్పి పంపించారు. శాలువా బాగుంది. ఆ ఆదివారం ఇద్దరం భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఒక్క జీతంతో ఇల్లు ఎలా నడపాలో కొత్త బడ్జెట్ వేశాం. ఇంటి వాయిదా, మా అమ్మాయి లిఖిత ఫీజు, బియ్యం, కరెంటు, పెట్రోలు. సుధ లెక్కల టీచరు కాబట్టి అరగంటలో అయిపోయింది. బడ్జెట్‌లో అంకెలు చక్కగా కుదిరాయి. కుదరనిది నేనొక్కడినే.

ఫోన్ టింగుమంటే కడుపులో ఏదో జారేది. అది బ్యాంకు మెసేజీ అయినా, ఎవరో పంపిన శుభోదయం అయినా ఒకే జారుడు. గదుల్లో తిరుగుతూ ఫ్యాన్లు ఆపేవాణ్ణి, మనుషులు కింద కూర్చుని ఉన్నా సరే. “భయం మీది, చెమట మాదీనా?” అని సుధ అడిగింది. ఫ్రిజ్ తలుపు తీసి ఆలోచించకూడదు, ఆలోచించి తలుపు తియ్యాలి అని లిఖితకు ఒక శాసనం చేశాను. కూరల ఖర్చు తగ్గించడానికి వారంలో సగం రోజులు మజ్జిగ పులుసు అనుకున్నాం. ఆ సగం నెమ్మదిగా పెరిగింది. ఒకరోజు షామీర్‌పేటలో సూపర్ మార్కెట్‌కు వెళ్ళి బండి నింపాను. బిల్లు దగ్గర నా ముందు ఇద్దరే ఉన్నారు. ఉన్నట్టుండి అక్కడ నిలబడలేకపోయాను. పర్సు మరిచిపోయినట్టు జేబులు తడుముకుని, బండి అక్కడే వదిలేసి బయటికి వచ్చి స్కూటర్ మీద కూర్చున్నాను. దాని గురించి ఇన్నేళ్ళలో నాకు ఒక్క జోకు కూడా తోచలేదు.

ఖర్చు తగ్గించడం కంటే, తగ్గించామని ఎవరికీ తెలియకుండా చూసుకోవడం కష్టమైపోయింది. సుధ సెలవులో ఉందని కాలనీలో చెప్పాం. సెలవులో ఉన్న టీచరు మళ్ళీ బడికి వెళ్ళాలి కదా, అందుకని ఆమె చీరలు ఎప్పటిలాగే ఇస్త్రీ బండికి పంపేవాళ్ళం. కట్టని చీర ఇస్త్రీకి వెళ్ళి వచ్చేది. కొన్ని రోజులు బీరువాలో విశ్రాంతి తీసుకుని మళ్ళీ ఇస్త్రీకి వెళ్ళేది. పొదుపులో ఇదొక పద్ధతి. ఇంకెవరూ కనిపెట్టి ఉండరు.

ఆ ఇస్త్రీ బండి నిలబడేది బాలమణి దుకాణం పక్కనే. ఒక సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వస్తుంటే తన రెండు కుర్చీల సింహాసనం మీద నుంచి నన్ను ఆపింది.

“సారూ, టీచరమ్మ చీర మడత ఇప్పకుండనే మల్ల ఇస్త్రీకి వచ్చింది. ఏంది కథ? మడతకు సుత ఇస్త్రీ జేపిస్తున్నరా?”

అబద్ధం ఒకటి నోటి దాకా వచ్చింది. అది కూడా అలిసిపోయినట్టుంది, బయటికి రాలేదు. ఉన్న సంగతి చెప్పాను. ఆమె “అయ్యో పాపం” అనలేదు. పై కుర్చీ తీసి నా వైపు నెట్టింది. అంటే ఓనర్ ఎత్తు తగ్గించుకుందన్నమాట. తన సంగతి చెప్పింది.

కరోనా వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోయినప్పుడు ఆమెకు కొన్ని నెలల పాటు ఒక్క గిరాకీ లేదట. రోజూ షట్టర్ తీసి, కుర్చీల దుమ్ము దులిపి, అడిగినవాళ్ళకల్లా “వచ్చే నెల మస్తు బుకింగులు ఉన్నయి” అని చెప్పిందట. గోదాము కిరాయి పెరిగిపోతూ ఉంది. “అన్నం మెతుకు మింగుడు పడకపోయేది సారూ. గిరాకి లేదని కాదు. ఎవరు ఎప్పుడు కనిపెడతరో అని.” చివరికి ఒకరోజు ఈ మైకు సెట్టునే ట్రాలీ ఆటోలో పెట్టుకుని, అలియాబాద్ నుంచి లాల్‌గడి మలక్‌పేట్ దాకా తిరిగిందట.

“ఏమని చెప్పారు?”

“ఏమున్నది? ‘బాలమణి టెంట్ హౌస్‌ల గిరాకి లేదు. సగం కుర్చీలు అమ్ముతున్న. కొనేటోళ్ళు రాండ్రి, ఏడ్చేటోళ్ళు రాకుండ్రి’ అన్న.”

“వచ్చారా?”

“ఏడ్చేటోళ్ళే ముందుగాల వచ్చిండ్రు. ఎనక కొనేటోళ్ళు వచ్చిండ్రు. కిరాయి కట్టిన.” తన కుర్చీ ముందుకు జరుపుకుని అంది: “మంది ఎనకసిరి కనిపెడితే గుసగుస అయితది సారూ. మనమే ముందుగాల చెప్తే ముచ్చట అయితది. గుసగుస కరుస్తది. ముచ్చట కరవది.”

“మా వైపు అలా బయటికి చెప్పుకోరండీ.”

“అవ్. మీ దిక్కు ఇస్త్రీ జేపిచ్చుకుంట కూసుంటరు.”

అప్పటికి నవ్వి వచ్చేశాను. మరునాడు ఇంకో చీర ఇస్త్రీకి వెళ్ళింది.

అంతలో చవితి వచ్చింది. మా కాలనీలో ఒక ఆచారం ఉంది: సాయంత్రం హారతి అయ్యాక చందా ఇచ్చినవాళ్ళ పేర్లు, ఇచ్చిన మొత్తంతో సహా మైకులో చదువుతారు. పెద్ద మొత్తాలు ముందు. కిందటి ఏడాది కొత్తగా వచ్చిన ఉత్సాహంలో, రెండు జీతాల ధైర్యంలో నా పేరే మొదట చదివించుకున్నాను. ‘గారు’ రెండుసార్లు వచ్చింది. ఈసారి కాలనీ సెక్రటరీ ప్రభాకర్ గారు గేటు దగ్గరే నిలబడి, “మీది పోయినసారి లాగానే కదండీ?” అన్నారు. నా మెడ నన్ను అడగకుండానే ఊగింది.

ఇంట్లో అంత డబ్బు ఒక్కచోటే ఉంది. లిఖిత ఫీజుకని విడిగా పెట్టిన కవరులో. నేను బీరువా తెరవగానే సుధ వచ్చి గుమ్మంలో నిలబడింది.

“మీ పేరు చదవడానికి ఎంతసేపు పడుతుంది?”

“నిమిషం కూడా పట్టదు.”

“ఫీజు కట్టకపోతే దాన్ని పరీక్షకు కూర్చోనివ్వరు. అది మూడు గంటలు.”

లెక్కల టీచరుతో కాపురం అంటే ఇదే. అయినా కవరు జేబులో పెట్టుకుని వెళ్ళాను. పందిరి దగ్గర బాలమణి మైకు తీగలు సరిచేస్తోంది. కాలనీ జనం అప్పుడప్పుడే చేరుతున్నారు.

“ఏంది సారూ, జేబు గంత గట్టిగ పట్టుకున్నరు? గుండెనొప్పా?”

“మా అమ్మాయి ఫీజు.”

ఆమెకు అర్థమైంది. మూడో మనిషికి వినబడనంత నెమ్మదిగా, “ఇస్తరా?” అంది.

“నా బదులు మీరు చెప్పకూడదూ? ఈసారి మా వల్ల కాదని.”

“నా దగ్గర మైకు కిరాయికి ఉంటది సారూ. నోరు ఉండది.” తీగ చివర బిగించి మైకు నా చేతిలో పెట్టింది. “మంచిగనే నడుస్తాంది. ఇగ మీ ఇష్టం.”

జనం నా వైపు చూస్తున్నారు. మైకు పట్టుకున్న మనిషి దాన్ని ఊరికే తిరిగివ్వడం కుదరదు, ఇంకా అనుమానంగా ఉంటుంది. “నమస్కారమండీ” అన్నాను. నా గొంతు నా కంటే ముందు చివరి ఇంటికి చేరింది. “పోయినసారి నా పేరు మొదట చదివారు. ఈసారి చివర చదవండి. అసలు చదవకపోయినా నష్టం లేదు. ఎందుకంటే… మా ఆవిడ…” అక్కడ ఆగిపోయింది. ఆ మాట నాది కాదని అప్పుడు తట్టింది. సుధ ఎప్పుడు వచ్చిందో, ప్రసాదం గిన్నె పక్కన పెట్టి నా చేతిలో నుంచి మైకు తీసుకుంది.

“నేను సెలవులో లేనండీ. ఉద్యోగం పోయింది. లెక్కలు మాత్రం పోలేదు, ఇంకా వచ్చు.”

మైకు ఒక్కసారి కీచుమంది. పందిట్లో అంత నిశ్శబ్దం వినాయకుడు కూడా ఎరుగడు. ప్రభాకర్ గారు, “అంత వివరంగా అక్కరలేదండీ” అన్నారు. వెనక నుంచి బాలమణి గట్టిగా, “టీచరమ్మా, మా మనవరాలికి భాగారాలు వస్తలేవు, రేపు తోలిస్త!” అంది. ఎవరో నవ్వారు. ఇంకెవరో ట్యూషన్ ఎన్ని గంటలకని అడిగారు. నేను జేబులో కవరును తడిమి చూసుకున్నాను. లావుగా, క్షేమంగా ఉంది. మరునాడు పొద్దున్నే ఫీజు కట్టేశాను, నా మెడ మళ్ళీ ఎవరికైనా ఊగే లోపు.

ఆ తర్వాత అంతా బాగైపోయిందని చెప్పను. కొన్నాళ్ళు జాలి వచ్చింది, బొబ్బట్ల రూపంలో. జాలి రుచిగానే ఉంది. ఎదురింటాయన ప్రభాకర్ గారిని పక్కకు పిలిచి, “మాది కూడా పోయినసారి కొంచెం ఎక్కువే పడిందండీ” అన్నాడట. మా గుమ్మం బయట సాయంత్రాలు ట్యూషన్ పిల్లల చెప్పుల గుట్ట పెరిగింది. పోయిన జీతమంతా రాలేదు కానీ, బడ్జెట్‌లో అంకెల పక్కన నాకూ కొంచెం చోటు దొరికింది. సుధ చీరలు ఇస్త్రీకి వెళ్ళడం మానేశాయి. ఆ నెలలోనే షామీర్‌పేట సూపర్ మార్కెట్‌కు మళ్ళీ వెళ్ళాను. బండిలో సగమే నింపాను. వరసలో నిలబడ్డాను. కడుపులో ఆ జారుడు వచ్చింది. రానిచ్చాను. బిల్లు కట్టి, సంచులు పట్టుకుని బయటికి వచ్చాను. ఇంటికొచ్చి సుధకు ఆ సంగతి చెబితే, “ఉప్పు మరిచిపోయారు” అంది.

బాలమణి మాత్రం నన్ను వదల్లేదు. నా ముఖం కొంచెం వాడిందని తోస్తే రోడ్డు అవతలి నుంచే, “సారూ, ఇయ్యాల ఏం కూర?” అని అరిచేది. ఉన్నది చెప్పాలి. “మజ్జిగ పులుసండీ.” “ఇంకా సల్ల పులుసేనా! నా పచ్చిపులుసే నయం.” అంతే మా సంభాషణ. నలుగురూ వింటుండగా మజ్జిగ పులుసని రోడ్డు మీద అరవగలిగినవాడికి భయపడటానికి ఇంక పెద్దగా ఏమీ మిగలదు. ఇది నాకు కొంత ఆలస్యంగా అర్థమైంది.

కిందటి చలికాలంలో ఆమె పోయింది. దినం నాడు షామియానా వేరే టెంట్ హౌస్ నుంచి తెచ్చారు. వచ్చినవాళ్ళకు కుర్చీలు చాలక మేమంతా గోడకు ఆనుకుని నిలబడ్డాం. ఒక్క కుర్చీ ఖాళీగా లేదు. ఆమె చూసి ఉంటే మెచ్చుకునేది, ఆ తర్వాత అద్దె ఎంతిచ్చారని అడిగేది. మైకు సెట్టును ఆమె కూతురు కాలనీకి ఇచ్చేసింది.

నోరు కడుక్కుని పందిరి దగ్గరికి వెళ్ళాను. అక్కడివాళ్ళు ఇంకా “హలో, హలో” అంటూనే ఉన్నారు. మైకు ఇలా ఇమ్మని అడిగాను. పిడికి ఆమె చుట్టిన నల్ల టేపు ఇంకా ఉంది. నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

“ఇవాళ మా ఇంట్లో మజ్జిగ పులుసు.”

అప్పుడు వీధి చివర మా మేడ మీద నుంచి లిఖిత గొంతు, ఏ మైకూ లేకుండానే, స్పష్టంగా వినబడింది.

“మళ్ళీనా నాన్నా!”

మైకు బాగానే ఉంది.