సాల్మియా స్టూడియోలో కదలని ట్రే

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు మొదటినుంచీ చిరాకు. నేను చీకట్లో పని చేసినవాణ్ణి. తలుపు మూసుకుని, ఎర్రబల్బు వెలుగులో ఆరేళ్ళు ఒంటరిగా ఫోటోలు కడిగాను. అలాంటివి ఉంటే నన్ను కాక ఇంకెవరిని పలకరిస్తాయి? ఒక్కరోజూ పలకరించలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నది నమ్మమని కాదు. జరిగింది చెప్పి ఊరుకుంటాను.

మాది కోనసీమ. కువైట్‌లో, సాల్మియాలో ఒక ఫోటో స్టూడియోలో పని చేసేవాణ్ణి. యజమాని బీరూట్ నుంచి వచ్చిన ముసలాయన. అందరూ ఉస్తాద్, అంటే గురువుగారు, అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. మనిషి మంచివాడే గానీ ఒక విషయం మొదలెట్టాడంటే టీ చల్లారిపోయినా ఆపేవాడు కాదు. ఆ విషయం తన గురువుగారి గురువు.

ఆవిడ అమెరికాలో, ఫోటోగ్రఫీ అంటే మీట నొక్కే పని అని అందరూ తీసిపారేసే కాలంలో స్టూడియో పెట్టిందట. కెమెరా తీసిన బొమ్మను అలాగే కాగితం మీదకు దించడం ఆవిడకు నచ్చేది కాదు. తుమ్మబంకలో రంగు, ఒక నారింజరంగు మందు కలిపి, కుంచెతో కాగితానికి పూసి, నెగెటివ్ కింద పెట్టి ఎండకు అచ్చు వేసేది. తర్వాత నీళ్ళలో బోర్లా తేలేస్తే ఎండ తగలని బంక కరిగిపోయి, తగిలినచోట ముఖం మిగిలేది. చిత్రకారులు ఇది బొమ్మ కాదన్నారు, ఫోటోగ్రాఫర్లు ఇది ఫోటో కాదన్నారు. ఆవిడ ఇద్దరినీ లెక్కచేయలేదు. చివరికి కాలం మారి, పదునైన ఫోటోల మోజు వచ్చి, స్టూడియో మూతపడింది. గాజు నెగెటివ్‌లు పూలమొక్కల షెడ్డుకి అద్దాలుగా పోయాయట. కానీ పాఠం చెప్పడం మాత్రం మానలేదు. ఆవిడ శిష్యురాలు బీరూట్‌లో ఒక బడికి డ్రాయింగ్ టీచరుగా వచ్చింది. ఆ టీచరు దగ్గర ఉస్తాద్, ఉస్తాద్ దగ్గర నేను.

ఆ అమెరికా పెద్దావిడ పేరు ఉస్తాద్ చెప్పేవాడు గానీ అరబ్బీ యాసలో అది ఏ పేరో నాకు ఎప్పుడూ తెలియలేదు. తర్వాత పుస్తకాల్లో వెతికాను, దొరకలేదు. ఆవిడ ఫోటో కూడా నేను చూడలేదు. అయినా ఆవిడకు నేను నాలుగో తరం వాణ్ణి. ఈ మాట ఎక్కడైనా ఛాతీ విరుచుకుని చెబుతాను.

దాచడం ఎందుకు, శిష్యుణ్ణని పేరే గానీ నాకు ఆ పని రాలేదు. మామూలు ఫోటో కాగితం కడిగేవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. ట్రే మూల పట్టుకుని ఆపకుండా ఊపుతూ ఉండాలి. బంక అచ్చుకు అదే చేటు. నీళ్ళు కదిలితే ముఖం కొట్టుకుపోతుంది. "చేతులు వెనక్కి కట్టుకో" అని ఉస్తాద్ అరిచేవాడు. నా చెయ్యి వినేది కాదు. నా చేతిలో ఒక్క ముఖమూ నిలవకుండానే ఒక చలికాలం ఉస్తాద్ పోయాడు, స్టూడియో నేనొక్కణ్ణే చూసుకునేవాణ్ణి. తర్వాతి ఎండాకాలంలో, 1990లో, ఇరాక్ సైన్యం కువైట్ మీదకు వచ్చింది.

సిపాయిలు స్టూడియోలోకి దూరి కెమెరాలు, ఫోటో పెద్దది చేసే ఎన్‌లార్జర్ పట్టుకుపోయారు. డబ్బేదో దాచామనుకున్నారేమో, ఫోటో కాగితాల నల్ల కవర్లన్నీ చించి వెలుతుర్లో పారేశారు. ఒక్క కాగితం పనికిరాలేదు. మందుసీసాలు మాత్రం వాసన చూసి వదిలేశారు. బియ్యం డబ్బాలో నేను దాచిన, పాస్‌పోర్టు ఫోటో అంత నెగెటివ్ వచ్చే పాత కెమెరా, అందులో సగం మిగిలిన ఫిలిం దక్కాయి.

అప్పుడు వచ్చింది రవణమ్మ. కడప దగ్గర పల్లె. సల్వాలో ఒక ఇంట్లో పని చేసేది. కఫీల్, అంటే వీసా ఇచ్చి పిలిపించుకున్న యజమాని, కుటుంబంతో సెలవులకని దేశం దాటాడు, ఆమె పాస్‌పోర్టు వాళ్ళ ఇనప్పెట్టెలోనే ఉండిపోయింది. అంత పెద్ద ఇంట్లో ఆమె ఒక్కతే.

"నాయనా, రేపు పొద్దున మనోళ్ళ బస్సు పోతాదంట. ఫోటో తెస్తేనే మన ఎంబసీ ఆఫీసులో పాస్‌పోర్టు బదులు కాయితం ఇస్తామంటాండారు. నిన్న పక్కింట్లోకి సిపాయిలు దూరినారు. ఆ బస్సు తప్పితే మళ్ళ ఎప్పుడు బస్సో తెలీదు. ఆ ఇంట్లో నేనింక ఉండలేను" అంది.

ఏ స్టూడియోకు వెళ్ళినా కాగితం లేదన్నారట. ఫోటో తీసి ఫిలిం కడగగలను. అచ్చు వేయడానికే ఏమీ లేదు. ఉస్తాద్ అలమరాలో తుమ్మబంక ఉంది, మందు ఉంది, నల్లరంగు ఉంది. బంక అచ్చుకని ఆయన చేసిపెట్టుకున్న దళసరి కాగితం రెండు ముక్కలు ఉన్నాయి.

"కూర్చో అక్కా, అయిపోద్దిలే" అన్నాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు.

మొదటి ముక్క పాడుచేశాను. ఎండలో సరిగ్గానే అచ్చయింది. నీళ్ళలో వేశాక నా చెయ్యి దానంతటది ట్రే మూలకు పోయింది. రెండు ఊపులకే రవణమ్మ ముఖం నల్లనీళ్ళుగా మారిపోయింది. ఆమె గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఎంబసీ ఆఫీసు మూసేలోగా ఇంకో గంటన్నర. రెండో ముక్క పూసి, ఆరబెట్టి, ఎండలో పెట్టి తెచ్చి బోర్లా తేలేశాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను. కాసేపటికి గుబులు పట్టింది. బంక అసలు కరుగుతోందా? చెయ్యి మళ్ళీ ట్రే మూలకు పోయింది. ఊపబోయాను.

ట్రే కదల్లేదు.

అది ప్లాస్టిక్ ట్రే. అరబకెట్ నీళ్ళు కూడా పట్టవు. మళ్ళీ లాగాను, ఈసారి గట్టిగానే. నీళ్ళమీద చిన్న అల కూడా లేవలేదు. అవతలి అంచును ఎవరో రెండు చేతులతో అదిమిపట్టినట్టుంది. అటువైపు గోడకూ బల్లకూ మధ్య ఒక మనిషి నిలబడేంత సందు. అక్కడ నాకు ఎవరూ కనబడలేదు. భయం వేసిందా అంటే వేసింది. కానీ కాగితం వదిలి పారిపోలేను.

చెయ్యి తీసేసి నిలబడ్డాను. కాగితం కింద నుంచి నల్లరంగు సన్నగా దారాల్లా దిగుతోంది. అరగంట పట్టింది. తిప్పి చూస్తే రవణమ్మ. కళ్ళు, ముక్కుపుడక, నుదుటి మీద ముడత కూడా. అంత మంచి అచ్చు ఉస్తాద్ చేతిలోనూ నేను చూడలేదు. ట్రే తీయబోతే తేలిగ్గా లేచొచ్చి నీళ్ళు నా చొక్కా మీద ఒలికాయి. బల్ల తడిమి చూశాను. బంక లేదు, మేకు లేదు.

ఆఫీసులో కాగితాలు రాసే ఆయన ఆ ఫోటోను వెలుగుకు పెట్టి చూశాడు.

"ఫోటో తెమ్మంటే బొమ్మ గీయించుకొచ్చావేంటమ్మా?"

"ఫోటోనేనండి. కాగితాల్లేక ఎండలో అచ్చేశాను. కావాలంటే పక్కన పెట్టి చూసుకోండి" అన్నాను.

ఆయన రవణమ్మను చూశాడు, ఫోటో చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. అతికించి ముద్ర వేశాడు. "ఎవరు చేశారయ్యా? చాలా బాగుంది" అన్నాడు.

"నేనేనండి" అన్నాను. జీవితంలో అంత గర్వంగా ఆ మాట ఎప్పుడూ అనలేదు.

మర్నాడు పొద్దున బస్సు దగ్గరకు వెళ్ళాను. రవణమ్మ కాగితాన్ని జాకెట్లో దాచుకుని కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదలబోతుంటే తల బయటపెట్టి నన్ను పిలిచింది.

"నాయనా, ఆఫీసులో అంతా నువ్వే చేసినట్టు చెప్పుకుంటివే. పాపం, మీ మామా అంతసేపు అట్లే నిలబడుకోని తొట్టి పట్టుకోనుండె గదా. ముసలామె. చేతులనిండా మసి. ఆమెకు గూడా నేను దండం పెట్టినానని చెప్పు."

కువైట్‌లో ఇంటిపని చేసేవాళ్ళు యజమానురాలిని మామా అంటారు. అక్కడ నిలబడి ఉన్నావిడ నా యజమానురాలనుకుంది రవణమ్మ. ఉస్తాద్ భార్య నేను చేరకముందే చనిపోయింది. ఆ స్టూడియోలో పని చేసిన ఆడమనిషి ఎవరూ లేరు. పెద్దావిడ సంగతి నేను రవణమ్మకు చెప్పలేదు. ఇంకేదో అడిగేలోపే బస్సు వెళ్ళిపోయింది.

రవణమ్మ క్షేమంగా ఊరు చేరిందని తర్వాత తెలిసింది. ట్రే ఎందుకు కదల్లేదో, ఆమె ఎవరిని చూసిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఉస్తాద్ గురువా, ఆ గురువుకు గురువా, లేక ఎండకు అలసిన కళ్ళకు కనిపించిన నీడా, చెప్పలేను. కానీ ఆ రోజునుంచి నా అచ్చు చూసి ఎవరు చేశారని అడిగితే, నేనొక్కణ్ణే చేశానని చెప్పడానికి నాకు నోరు రాదు.