మంచుకొండ గడ్డికి నేను చేసిన బోడిగుండు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరసగా చెప్పడం మొదలెడితే ఈ పుష్కరాలకి మొదలెట్టి వచ్చే పుష్కరాల దాకా చెప్పొచ్చు. మీకంత ఓపిక లేదు, నాకూ లేదు. అందుకని ఒక్కటే చెబుతాను. రైళ్ళు మారి మారి, ఐసు పెట్టెలో కూర్చుని, మహారాణిలా మా ఇంటికొచ్చిన ఒక గడ్డిమొక్కకి, కాఫీ చల్లారేలోపు బోడిగుండు చేసేశాను. దాంతోపాటు మా మేనకోడలి చదువునీ ఇంచుమించు గుండంలో పడేశాను. నవ్వండి, నేనేం అనుకోను.

ముందు నా సంగతి చెప్పాలి. నలభై దాటాక వయోజనుల బడిలో అక్షరాలు దిద్దినదాన్ని. కొత్తగా చదవడం వచ్చినవాళ్ళతో ఒక చిక్కుంది. ఎక్కడ ఏ బోర్డు కనిపించినా గట్టిగా చదివేస్తాం. అది ఎదుటివాళ్ళ కోసమే రాశారనుకుంటాం.

శారద మా తమ్ముడి కూతురు. యూనివర్సిటీలో గడ్డి మీద పరిశోధన చేసేది. "గడ్డి మీద చదువేంటే, మా గేదెని అడిగితే చెప్పదూ?" అని ఎగతాళి చేస్తే, "నువ్వు రోజూ తినే అన్నం కూడా గడ్డిగింజే అత్తా" అంది. ఆ పూట అన్నం కొంచెం తక్కువే తిన్నాను.

ఒక ఏడాది అది హిమాలయాలకి వెళ్ళింది. చెట్లు కూడా ఎక్కలేక ఆగిపోయే ఎత్తుకి ఎక్కి, అక్కడి గడ్డిని వేళ్ళతో సహా తవ్వి తెచ్చింది. పొద్దున్నే సామర్లకోటలో దిగి ద్రాక్షారం దగ్గర మా ఇంటికొచ్చేసరికి కళ్ళు మూతలు పడిపోతున్నాయి పిల్లకి. థర్మోకోల్ పెట్టెలోంచి కుండీ తీసి, వెనక వసారాలో తడిగోనె మీద పెట్టింది. దానికో అట్టముక్క తగిలించింది. "ముట్టుకోవద్దు." పెద్ద పెద్ద తెలుగక్షరాలు, నాకోసమే అన్నట్టు.

"మా ప్రొఫెసరు గారు కాకినాడ నుంచి రాజమండ్రి వెళ్తూ మధ్యాహ్నం ఇక్కడ ఆగుతారత్తా. ఇది నేను చెప్పిన రకమే అని ఆయన ఒప్పుకుంటే సరే. కాదంటే నా రెండేళ్ళ కష్టం గోదాట్లో కలిసినట్టే" అని చెప్పి, మంచం మీద వాలి నిద్రపోయింది.

నేను కాఫీ గ్లాసు పట్టుకుని కుండీ దగ్గర కూర్చున్నాను. జానెడున్నర మొక్క. ఆకు కొస చూస్తే నాటుపడవ ముక్కులా ఉంది. ఆకు కాడని కలిసే చోట పల్చటి పొర ఉంది. వరికీ ఉంటుంది ఆ పొర, చేలో వరిలాగే కనిపించే ఊదగడ్డికి ఉండదు. కలుపు తీసేటప్పుడు మేం చూసేది అదే కదా. ఇదేదో మంచి వంశమే అనుకున్నాను. తలెత్తి పైకి చూద్దును కదా,

గింజలుండాల్సిన వెన్ను నిండా మొలకలు!

డెల్టాలో పుట్టినవాళ్ళకి నేను విడమరచి చెప్పక్కర్లేదు. కోతలయ్యాక తుఫానొచ్చి పనలు నీళ్ళలో నానితే, గింజ వెన్ను మీదే మొలకెత్తుతుంది. ఆ ధాన్యం ఇక ఎవడూ కొనడు. అలాంటి దరిద్రం ఈ పిల్ల రైల్లో మోసుకొచ్చింది. ఐసు కరిగి, గింజ నాని, మొలకలొచ్చేసినట్టున్నాయి. ఇప్పుడు దీన్ని ప్రొఫెసరు చూస్తే? "గడ్డిని ఇలాగేనా తెచ్చేది!" అని పరువు తీసెయ్యడూ?

కాఫీ పక్కన పెట్టి పని మొదలెట్టాను. ఒక్కొక్క మొలకా గోటితో గిల్లి, పెరట్లో కోళ్ళకేసి విసిరేస్తున్నాను. మా ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చారు.

"ముట్టుకోవద్దని రాసుంది కదే?"

"అది మీకు."

"నాకు చదవడం వచ్చు గనక నేను ముట్టుకోవట్లేదు."

"నాకూ వచ్చు. అర్థం కూడా అవుతుంది. మీ పని మీరు చూసుకోండి."

వెన్నులన్నీ నున్నగా చేసి, తడి పోవడానికి కుండీని ఎండలో పెట్టి, చీపురు అందుకున్నాను. పెళ్ళిచూపులకి పిల్లని ముస్తాబు చేసినంత సంతోషంగా ఉంది.

చీపురు చప్పుడుకి శారద లేచి వసారాలోకొచ్చింది. కుండీ ముందు చతికిలబడి, "అత్తా, పిల్లలేవి?" అంది.

"ఏ పిల్లలే?"

"వెన్ను మీద పిల్లలు!"

"అవా? మొలకలొచ్చి పాడైపోతే తీసి పారేశాను. నీ పరువు కాపాడాను."

"అవి మొలకలు కాదత్తా! ఆ గడ్డిని గుర్తుపట్టేదే వాటితో! ఎక్కడ పారేశావ్?"

చీపురుతో కోళ్ళవైపు చూపించాను. మా నల్లపెట్ట మెడ సాచి చివరిదేదో మింగుతోంది. అది కోడిపెట్టలా లేదు, మా శారద డాక్టరేట్ పట్టా మింగుతున్న కొండచిలువలా ఉంది.

ఇహ చూడండి. శారద ఒకవైపు, నేనొకవైపు, మా ఆయన నోట్లో పేస్టు నురగతో మరోవైపు. కోళ్ళని తరుముతున్నాం. సరిగ్గా అప్పుడే, మధ్యాహ్నం వస్తానన్న ప్రొఫెసరు గారి కారు పొద్దున్నే వచ్చి గుమ్మం ముందు ఆగింది. సఫారీ సూటు వేసుకున్న పెద్దమనిషి. ఆయన్ని చూసి శారద కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనే ముందుకెళ్ళాను.

"బాబూ, పిల్ల తప్పేం లేదు. వాన తగిలిన వెన్ను అనుకుని నేనే గిల్లేశాను. తిట్టేదేదో నన్ను తిట్టండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మాదీ ఈ డెల్టాయే అమ్మా, అమలాపురం పక్కన. ఈ అమ్మాయి ఈ గడ్డి ఫోటో పంపితే, గింజ తడిసి మొలకొచ్చి ఉంటుంది, మొక్క తెచ్చి చూపించమని రాసింది నేనే. మన వైపు వాళ్ళకి ఇంకోలా తోచదు" అన్నారు. అని, సఫారీ సూటుతోనే పెరట్లో బోరింగు పంపు పక్క బురదలో మోకాళ్ళ మీద కూర్చుని వెతకడం మొదలెట్టారు.

తడినేల మీద గుప్పెడు దొరికాయి, కోళ్ళకి కనపడనివి. ఆయన జేబులోంచి భూతద్దం తీసి ఒకటి ఎత్తి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత బోడి వెన్నుని చూశారు. నేను మా ఇంటి దేవుడికి ముడుపు కట్టేశాను మనసులో.

"నువ్వు చెప్పిందే నిజం శారదా, ఇవి మొలకలు కావు" అన్నారు.

నా చేతికి భూతద్దం ఇచ్చారు. "మీ వరిమొలక కింద ఏముంటుందమ్మా?"

"గింజపొట్టు ఉంటుంది బాబూ."

"ఇక్కడ చూడండి."

చూశాను. పొట్టు లేదు. గింజే లేదు. పువ్వు ఉండాల్సిన చోట ఏకంగా ఒక బుల్లి మొక్క ఉంది. చీర కుచ్చెళ్ళలా ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకులు. అడుగున తెల్లగా, పాలపళ్ళలా, వేళ్ళు రావడానికి సిద్ధంగా మొటిమలు.

"అక్కడ మంచు కరిగి నేల కనపడేది కొద్దిరోజులే" అన్నారాయన. "పువ్వు పూసి, గింజ పండి, అది రాలి మొలిచేలోపు మళ్ళీ మంచు పడిపోతుంది. అందుకని ఈ తల్లి గింజని నమ్ముకోదు. పిల్లనే తలమీద పెంచుతుంది. బరువుకి వెన్ను వంగి నేలకానగానే పిల్ల దిగి వేరు వేసుకుంటుంది."

భూతద్దం వదలబుద్ధి కాలేదు నాకు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఊడ్పులు ఊడ్చినదాన్ని. నారు పొయ్యడం, పీకడం, నాటడం అంతా మనిషి పనే అనుకున్నాను. మనిషి మొహం ఎరగని చోట, నీళ్ళు పెట్టేవాడు లేని చోట, ఒక గడ్డిపోచ తన నారుమడి తనే నెత్తిన పెట్టుకుని నిలబడింది. ఆ మంచులో, ఆ గాలిలో. భూతద్దం వెనక నా కన్ను చెమర్చింది. అద్దం మసకబారిందని అబద్ధం చెప్పాను.

"పొట్టు లేదని చూపించాలంటే ఎలాగూ ఒకటి గిల్లాల్సిందే" అన్నారు ప్రొఫెసరు గారు లేస్తూ. "ఒకటి చాలమ్మా. మీరు కొంచెం ఎక్కువ సాయం చేశారు."

శారద మొహంలో అప్పుడొచ్చింది నవ్వు. ఇద్దరూ కూర్చుని ఆ మొక్కని కుండీలోంచి తీసి, దళసరి కాయితం మీద పరిచారు. దొరికిన పిల్లల్ని పక్కనే అంటించారు. ఎక్కడ దొరికింది, ఎంత ఎత్తులో, ఎవరు తెచ్చారు, అన్నీ కింద రాయాలట. అలా ఎండబెట్టి పెడితే యూనివర్సిటీ బీరువాలో వందేళ్ళయినా ఉంటుందట అది.

"వెన్నులు బోడిగా ఎందుకున్నాయో కూడా రాయాలి. సైన్సులో దాపరికం ఉండకూడదు" అన్నారాయన.

శారద ఇంగ్లీషులో ఏదో గీకింది.

"ఏం రాశావే? చదువు."

"పిల్లమొక్కలు మేనత్త చేత తొలగించబడినవి."

మా ఆయన అరుగు మీద పడి పడి నవ్వారు. నేను కలం లాక్కున్నాను. వేలిముద్ర రోజులు ఎప్పుడో దాటొచ్చినదాన్ని. దాని కింద తెలుగులో, గుండ్రంగా, పూర్తిపేరుతో సంతకం పెట్టాను.

కనక పెద్దలారా, భూమ్యాకాశాల సాక్షిగా, బీరువాలో ఉన్న నా సంతకం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ గడ్డి ఏ కొండ మీద నెత్తిన ఏం పెట్టుకున్నా, ఆవిడ కాపురంలో నేను వేలు పెట్టను. నల్లపెట్ట తరఫున మాత్రం హామీ ఇవ్వలేను.