అక్షరానికొక గడి

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. తల వంచుకుని కూర్చుంటే ఎవరూ పలకరించరన్నది మొదటిది (నంద్యాల బస్సుల్లో అది చెల్లదు). జావాలో ఒకసారి రాసిన ప్రోగ్రాం ఏ కంప్యూటర్‌లోనైనా నడుస్తుందన్నది రెండోది. ఆ రెండోదాన్ని నమ్మే, వడ్ల తూకానికి చీటీలు తీసే ప్రోగ్రాంను ఆఫీసులో నా విండోస్ కంప్యూటర్ మీదే మళ్ళీ మళ్ళీ పరీక్షించి, అంతా బాగుందని సార్‌కు చెప్పేశాను. ఆయన నన్ను ఒక్కదాన్నే ఆళ్ళగడ్డ రైస్ మిల్లుకు పంపుతూ, ఇది సరిగా జరిగితే ఉద్యోగం ఖాయమనీ, లేకుంటే వేరే చోటు చూసుకోమనీ మెత్తగానే చెప్పారు.

తీరా వెళ్తే మిల్లు కంప్యూటర్లో ఉన్నది విండోస్ కాదు, లైనక్స్. వైరస్‌ల బాధ ఉండదని మిల్లు సావుకారు అల్లుడు వేసిపెట్టాడట. నాకెవరూ చెప్పలేదు, నేను అడగలేదు (అడగాలంటే నోరు తెరవాలి కదా). ప్రోగ్రాం తెరుచుకుంది గానీ తెలుగు అక్షరం ఒక్కటీ లేదు, అక్షరాలున్న చోటల్లా ఖాళీ గడులు. నా కంప్యూటర్లో తెలుగు ఫాంటు ఉంది గనక లోకమంతా ఉంటుందనుకున్నాను. ఫోన్ నుంచి నెట్ ఇచ్చి ఫాంటు దించుకోబోతే అది నత్తనడక నడుస్తోంది. బయట కాటా మీద కొత్త పంట తొలి ట్రాక్టరు. రాహుకాలం రాకముందే బోణీ తూకం పడాలని సావుకారు గడియారం చూస్తున్నారు. తూకాలు చూసే పెద్దాయన్ని మిల్లులో అందరూ మామ అంటారు. ఆయన ఏమైందని అడిగితే స్క్రీన్ చూపించాను. ఆయన ఒకసారి చూసి సావుకారు వైపు తిరిగారు. "ఊరు మారింది కదన్నా, దానికి నీళ్ళు పడలా. సర్దుకుంటాదిలే."

ఏ గడి ఏ బటనో నాకు కంఠతా వచ్చు. "రెండోది నొక్కండి మామా" అన్నాను, అంతమంది మగవాళ్ళ మధ్య, నాకు వినపడేంత గట్టిగా. తూకం పడింది, చీటీ వచ్చింది. అంకెలు సరే, అక్షరాలన్నీ గడులే. రైతు దాన్ని అటూ ఇటూ తిప్పి, "నా పేరు యాడుండాదప్పా?" అన్నాడు. నా ఉద్యోగం ఆ చీటీతో సరి అనుకున్నాను.

మామ తన చెవి మీది పెన్ను తీసి రైతు చేతికిచ్చారు. "బ్యాంకు ఫారంలో రాయవా? అట్లనే. గడికొక అక్షరం."

"అట్ల చెప్పల్ల" అని రైతు ట్రాక్టరు చక్రానికి చీటీ ఆనించి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, పేరు రాసుకున్నాడు. వెనకున్న రైతు కూడా పెన్ను కోసం చెయ్యి చాపాడు. ఫాంటు దిగి పేర్లు అచ్చులో రావడం మొదలయ్యాక, తన చీటీకి గడులెందుకు లేవని ఒకాయన నా మీద అలిగాడు కూడా.

మధ్యాహ్నం సార్ మామకే ఫోన్ చేశారు. మామ చెప్పేది నాకు వినపడుతూనే ఉంది. "మీ పాప పని బాగా చేస్తాండాది సార్. మాట్లాడేదే తక్కువ."

అలా నిలిచిన ఉద్యోగమే ఇంకా చేస్తున్నాను. ఇప్పుడు ఏ ప్రోగ్రాం బయటికి వెళ్ళాలన్నా, ముందు అక్కడ ఏ కంప్యూటరుందో నేనే ఫోన్ చేసి అడుగుతాను. ఆ సాయంత్రం మాత్రం, బస్టాండు దాకా వచ్చి కిటికీ పక్క సీటు పట్టించిన మామకు ఒక్క మంచి మాట చెప్పలేక తల ఊపి ఊరుకున్నాను. ఇంటికొచ్చి డైరీలో పేజీల కొద్దీ కృతజ్ఞతలు రాసుకుని, ఆయనకు చెప్పేసినంత తృప్తిగా నిద్రపోయాను, పిచ్చిపిల్లను.