పటం దాటి బల్లకు దిగిన సూది

గోదావరి దాటి యానాం వెళ్ళడానికి నాకెప్పుడూ ఏదో ఒక వంక దొరికేది. ఫ్రెంచివాళ్ళున్న రోజుల్లో ఆ వంక సీసాల్లో ఉండేది. ఈసారి మాత్రం మా అక్క సత్యవతి. యానాం పక్క ఊరు దరియాలతిప్పలో కాపురం, యానాం బజార్లో చేపల బేరం. నాలుగు నెలలుగా అంగిట్లో తెల్లటి పుండు. అక్కడి ఆడవాళ్ళు చాలామందిలాగే ఆమెదీ అడ్డపొగ అలవాటు. అంటే చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు. గాలికి ఆరదు, చంకలో బిడ్డకు చురక తగలదు. అది రాచపుండేమో, పెద్దాసుపత్రిలో చూపించుకోమంటే, తన ఇంటిముందుకొస్తే చూపిస్తాను గాని ఇంకో ఊరెళ్ళి నోరు తెరవనంది. మా అక్క నోరు తెరవననడం పుట్టి బుద్ధెరిగాక అదే వినడం.

అందుకే రాచపుళ్ళ లెక్క తీసే డాక్టరుగారొకరు యానాం వస్తున్నారనీ, పేర్లు రాసే మనిషి కావాలనీ తెలియగానే నేనున్నానన్నాను. నా చదువు ఐదో తరగతి, అందులో రెండేళ్ళు ఒకే బల్ల మీద. మా మురమళ్ళలో తెల్లవారుజామున బయల్దేరి, ఎదుర్లంక రేవులో ఏడింటికి అణా ఇచ్చి పడవెక్కాను. అవతలి ఒడ్డున డాక్టరుగారు చుట్టిన యానాం ఊళ్ళ పటం, ఎర్రలక్క తలల గుండుసూదుల పెట్టెతో నిలబడ్డారు. బజారు దాకా జట్కాకు రెండణాలు. నోట్లో పుండున్న ఒక్కో మనిషికీ ఆమె ఊరి మీద ఒక్కో సూది గుచ్చుతామని ఆయన చెబితే, జట్కా అతను వెనక్కి తిరిగి చూశాడు.

"జబ్బు మనుషులకైతే సూది కాగితానికాండీ?"

డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. పుండులోంచి ముక్క తీసి పరీక్షించే పెద్ద డాక్టరు వచ్చేది ఒక్క ఊరికే. సూదులెక్కడ ఒత్తుగా ఉంటే అక్కడికి. దరియాలతిప్పకు రాకపోతే మా అక్క కదలదని నాకు తెలుసు.

చేపల బజారు పక్క పాకలో బల్ల వేశాం. పది దాటినా ఒక్కామె నోరు తెరవలేదు. డాక్టరుగారు పళ్ళు చూసి, అత్తగారు ఇంకెన్నాళ్ళుంటుందో చెబుతారని నేను మెల్లగా ఒక మాట వదిలాను. అరగంటలో పాక నిండిపోయింది. ఒకామె నోరు మూసి "ఎన్నాళ్ళండీ?" అని అడిగేదాకా డాక్టరుగారికి సంగతి తెలియదు. తెలిశాక నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. మా అక్క చివర్లో వచ్చింది. తన అత్త పోయి ఆరేళ్ళయిందనీ, ఈ వేషాలు తన దగ్గర కాదనీ నన్ను తిట్టి, రోజూ బేరానికొచ్చే చోటే కాబట్టి నోరు తెరిచింది. అందరికన్నా ఎక్కువసేపు ఆయన టార్చిలైటు ఆమె నోట్లోనే ఉండిపోయింది.

నాలుగింటికి నేను రాసిన కాగితాలు చూసి ఆయన సూదులు గుచ్చారు. పక్కనున్న మెట్టకూరు ఎర్రబడింది. దరియాలతిప్పలో రెండంటే రెండు. పెద్ద డాక్టరును మెట్టకూరే రమ్మందామన్నారు. దరియాలతిప్ప సూదులు మళ్ళీ లెక్కపెడదామని పటం మీదికి వంగాను. అప్పుడు చూశాను, పటం అంచు దాటి వట్టి బల్లకు ఒక సూది గుచ్చి ఉంది.

"ఇదెవరండీ?"

"మురమళ్ళ ఆవిడ. ఆ ఊరు ఈ పటంలో లేదు. మీరే రాశారుగా?"

రాసింది నేనే. మా అక్క పేరు. బయట గంప కడుగుతున్న అక్క దగ్గరికి పరిగెత్తాను. ఊరడిగితే మురమళ్ళ అన్నావేమిటని నిలదీశాను.

"పాతికేళ్ళు కాపురం చేస్తే పుట్టినూరు మారిపోద్దేంట్రా?"

ఊరేదంటే పొద్దుటినుంచీ ప్రతి ఆడమనిషీ పుట్టింటి ఊరే చెప్పింది. మెట్టకూరి ఆడపిల్లలు సగం మంది దరియాలతిప్ప కోడళ్ళే. రాసిన నాకూ అనుమానం రాలేదు; నాకు మా అక్క ఎప్పటికీ మురమళ్ళదే మరి. ఇళ్ళకు బయల్దేరుతున్న గంపలకు అడ్డం నిలబడి, ఒక్కొక్కరినీ రాత్రి అన్నం ఏ ఊళ్ళో వండారని అడిగాను. ఒకామె, కూర కూడా చెప్పాలా అంది. నేను అరిచి చెబుతుంటే డాక్టరుగారు సూదులు పీకి దరియాలతిప్పలో గుచ్చారు. బల్ల మీది సూదిని నేనే పీకి గుచ్చాను.

వారం తిరక్కుండా పెద్ద డాక్టరు మా అక్క ఇంటిముందే కుర్చీ వేసుకున్నాడు. తీసిన ముక్క పట్నం వెళ్ళింది, కబురింకా రాలేదు. అది రాచపుండు కాదనీ, ఆ సూది అక్కడ ఉత్తినే దిగిందనీ తేలితే బాగుండునని రోజూ అనుకుంటాను. చుట్ట మానెయ్యమన్నారు. అక్క సగమే విని, ఇప్పుడు నిప్పు బయటికి పెట్టి తాగుతోంది. రుచి లేదంటూ పొగంతా నా మొహం మీదే వదులుతోంది. మీరెవరైనా ఇలాంటి లెక్కకు ఈ వైపు వస్తే, ఆడవాళ్ళను ఊరేదని అడక్కండి, పొయ్యి ఎక్కడని అడగండి.