అయ్యగారు ఎటు నిలబడతారు?

ఆ రోజుల్లో నాకు నాగరికత అంటే స్నానాల తొట్టే. కొత్తగా ఉద్యోగంలో చేరి, ట్రైనింగుకని విశాఖపట్నంలో ఒక పెద్ద హోటల్లో దిగినప్పుడు మొదటిసారి బాత్‌టబ్బు చూశాను. మెడదాకా సబ్బు నురగలో పడుకుని, వేళ్ళు ముడతలు పడేదాకా లేవలేదు. (హోటలువాళ్ళు తలుపు కొట్టి "మేడం, అంతా బాగానే ఉందా?" అని అడిగారు. బాగుంది కనకే లేవడం లేదని వాళ్ళకెలా చెప్పను!) పాతపట్నంలో మా ఇంట్లో స్నానమంటే రేకుల గదిలో ఒక బకెట్టు, ఒక చెంబు, వీపు రుద్దుకునే లోపే బయటినుంచి "ఇంకా అవనేదేటే?" అని మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, వేసే కేక. ట్రైనింగు ముగించుకుని వచ్చిన నాకు ఆ బకెట్టు వంక చూడ్డానికే నామోషీగా ఉండేది.

సరిగ్గా అప్పుడే నాన్న పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టడం మొదలుపెట్టాడు. కింద గదికి ఆనుకుని పెద్ద బాత్‌రూము వస్తుందని తెలియగానే, అందులో టబ్బు ఉండి తీరాలని, దాన్ని నా జీతంతో నేనే కొంటానని ప్రకటించేశాను. ఫోను నిండా టబ్బుల ఫొటోలే. నా మనసు దోచుకున్నది మాత్రం మూల టబ్బు. గది మూలలో విసనకర్ర విప్పినట్టు ఒదిగిపోయి, లోపలి చిన్న చిన్న కన్నాల్లోంచి నీళ్ళు చిమ్మే రకం. తాతయ్యకి చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. "ఇదేటే గుంటా, గోలెంలాగున్నాది? మనకి గొడ్లేవే?" అన్నాడు. (గోలెం అంటే మావైపు పశువులకి కుడితి పోసే తొట్టి.) నేను మూతి ముడుచుకుని రెండు పూటలు ఆయనతో మాట్లాడలేదు.

తాతయ్య గురించి కాస్త చెప్పాలి. వయసులో ఉండగా సాలూరులో లారీ నడిపినవాడు. నిండు లోడుతో ఘాటురోడ్డు మలుపులన్నీ ఒంటిచేత్తో దింపేవాణ్ణని (మామ్మ దగ్గర్లో లేనప్పుడు) చెప్పేవాడు. అంతటి మనిషికి నీళ్ళంటే హడలు. చిన్నతనంలో మహేంద్రతనయ నది దాటుతుంటే కాళ్ళకింద ఇసక జారిపోయి మునిగిపోయాడట. ఎవరో జుట్టు పట్టి లాగారు. అప్పట్నుంచి నెత్తిమీద చెంబుడు నీళ్ళు పోసుకున్నా కళ్ళు తెరుచుకునే పోసుకునేవాడు. మాదేమో బాప్టిస్టు కుటుంబం. మా సంఘంలో బాప్తిస్మమంటే నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే సరిపోదు, మనిషి మొత్తం నీళ్ళలో మునిగి లేవాలి. నదిలో ఇచ్చే రోజుల్లో తాతయ్య గట్టుదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. తరవాత చర్చిలోనే లోతైన తొట్టి కట్టించారు. అక్కడా మెట్టుదాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

ఆదివారం మాత్రం ఒక్కటీ మానేవాడు కాదు. పాటలు అందరికంటే గట్టిగా పాడేవాడు (రాగంతో పనిలేకుండా). కానీ మా సంఘంలో బాప్తిస్మం లేనివాళ్ళు ప్రభు సంస్కారం, అంటే ఏసుప్రభువు గుర్తుగా పంచే రొట్టె, ద్రాక్షరసం, పుచ్చుకోకూడదు. సంస్కారం రోజున రొట్టె పళ్ళెం వరసవెంట చేతులు మారుతూ వచ్చేది. తాతయ్య దాన్ని జాగ్రత్తగా పక్కవాడికి అందించి, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకునేవాడు. అవతల ఆడవాళ్ళ వరసలో మామ్మ అది చూడలేక కళ్ళు మూసుకునేది. "మీ తాతకి ఎట్టకుండా నానెప్పుడూ మెతుకు ముట్టనేదే. ఆ ఒక్క సోటే నానొక్కద్దాన్నే తింతన్నాను" అని ఒకసారి నాతో అంది. నేను ఊఁ కొడుతూ టబ్బుల ఫొటోలు చూసుకుంటూ కూర్చున్నాను.

ఒక శనివారం నాన్న కారులో నలుగురం శ్రీకాకుళం శానిటరీ షాపుకి వెళ్ళాం. నా గోలెం ఎలా ఉంటుందో చూస్తానని తాతయ్య, ఆయన ఎక్కడైనా తప్పిపోతాడని మామ్మ. సేల్స్‌మన్ మెడలో టై కట్టుకుని, పుస్తకం చదువుతున్నట్టు మాట్లాడేవాడు. "మేడం, మన దగ్గర మూడు స్టైల్స్ ఉన్నాయి. గోడకి అతికించి టైల్స్ కట్టేది, మూలలో అమర్చేది, విడిగా నిలబెట్టేది" అంటూ నన్ను నేరుగా మూల టబ్బు దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను అక్కడే కరిగిపోయాను. కాసేపటికి వెనక్కి తిరిగితే తాతయ్య లేడు. చెప్పులు మాత్రం ఒద్దికగా పక్కపక్కన ఉన్నాయి. ఆయన విడిగా నిలబెట్టిన పొడుగాటి తెల్ల టబ్బులో, పంచె సర్దుకుని, అంచులు రెండు చేతులా పట్టుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"తాతగారూ, అది డిస్‌ప్లే అండీ!" అని సేల్స్‌మన్ పరిగెత్తాడు. తాతయ్య అతని మాట వినిపించుకోలేదు. "ఒసే," అని మామ్మని పిలిచాడు. "ఇందులో తొంగుంటే ఈపుకింద నేల తగుల్తన్నాదే." మామ్మ వచ్చి టబ్బు పక్కన నిలబడింది. "అయ్యగారు ఇంటికొత్తారేటి?" అన్నాడు తాతయ్య, పైకప్పు వంక చూస్తూ. "రాకేటి? నానెల్లి తీసుకొత్తాను" అంది మామ్మ. అప్పుడే బయల్దేరేదానిలా కొంగు బిగించింది.

మా ఇళ్ళలో అయ్యగారంటే పాస్టరుగారు. సేల్స్‌మన్ ఇంట్లో అయ్యగారంటే పౌరోహిత్యం చేసే పంతులుగారు. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. "బాబూ, ఇది గదిలో ఎడితే అయ్యగారు ఎటు నిలబడతారు?" అని తాతయ్య అడిగాడు. "అయ్యగారు ఈశాన్యంలో కూర్చుంటారండి. టబ్బు మాత్రం ఈశాన్యంలో వద్దండి, బరువు" అన్నాడతను వినయంగా. "కూకుంటే ఎలాగవుతాది? నన్ను ముంచాల కదేటి?" అతని మొహం చూడాలి! "అయ్యగారు... మిమ్మల్ని... ముంచుతారాండీ?" "మరేటి! ఎనక్కి పట్టుకుని ఒక్కసారే ముంచేత్తారు." అతను టై వదులు చేసుకుంటూ నాన్న వైపు చూశాడు. నాన్న నవ్వాపుకోలేక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చివరికి నేనే సంగతంతా వివరించాను.

విన్నాక అతని పుస్తకం భాష ఎటుపోయిందో పోయింది. "ఓర్నాయనో, అలాగైతే ముందే సెప్పరేటి!" అంటూ టబ్బు పక్కన తానే అయ్యగారిలా నిలబడి, తాతయ్య వీపుకింద చెయ్యేసి, పైకి లేపి, మళ్ళీ పడుకోబెట్టి చూశాడు. అవతలి వైపు నాన్నని నిలబెట్టి ఇంకోసారి చూశాడు. "మూలది పనికిరాదు మేడం, మనిషి సాపుగా తొంగోడానికి నేదు. గోడకి అతికించిందీ పనికిరాదు, సాయం పట్టినోడికి సోటుండదు" అని తేల్చేశాడు. నేను నా విసనకర్ర టబ్బు వంక ఒకసారి చూశాను. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. జీతం నాది, ఫొటోలు నావి, కల నాది. ఇటు చూస్తే తాతయ్య ఇంకా టబ్బులోంచి లేవలేదు, అంచులు పట్టుకున్న చేతులు మాత్రం వదిలేశాడు. "ఇదే ఇవ్వండి" అన్నాను.

అయ్యగారు సంఘ పెద్దలతో మాట్లాడి, "మనిషి నిండా మునిగితే చాలు. నదైతేనేం, టబ్బైతేనేం" అన్నారు. గృహప్రవేశం ప్రార్థన రోజునే ముహూర్తం. (క్రైస్తవులకి ముహూర్తాలేమిటని అడక్కండి, ఆ మాట మామ్మదే.) తాతయ్యకి చల్లగా తగలకూడదని ఆవిడ తెల్లారకుండానే లేచి గిన్నెలకి గిన్నెలు నీళ్ళు కాచి పోసింది. నురగలు లేవు, కన్నాల్లోంచి చిమ్మే నీళ్ళూ లేవు. మా వరండా నిండా సంఘంవాళ్ళు, లోపల ఒక పక్క అయ్యగారు, ఇంకో పక్క నాన్న, కాళ్ళవైపు నేనూ మామ్మా. తెల్ల చొక్కాలో తాతయ్య టబ్బులో కూర్చుని చిన్నపిల్లాడిలా నన్ను అడిగాడు. "గుంటా, కల్లు ముయ్యాలేటి?" "మూసుకో తాతా, నేనున్నాను" అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. అయ్యగారు మాటలు పలికి, ఆయన్ని వెనక్కి వాల్చి ముంచి లేపారు.

అందరూ చప్పట్లు కొట్టబోతుంటే మామ్మ కేక పెట్టింది. "అయ్యగారూ, బొటనేలు ములగనేదండీ!" తాతయ్య పొడుగు మనిషి. తల మునిగేసరికి కాలి బొటనవేలు పైకి లేచి, జరిగేదంతా చూసింది. అయ్యగారు కంగారుపడి, అది ఫరవాలేదని ఏదో చెప్పబోయారు. మామ్మ ఒప్పుకుంటేనా! ఇంతకాలం ఎదురుచూసి బొటనవేలు దగ్గర రాజీపడే మనిషి కాదు. తడిసిన జుట్టుతో, రొప్పుతూ తాతయ్యే అన్నాడు. "ఇంకోపాలి ముంచీయండి అయ్యగారూ. బాగానే ఉన్నాది." ఈసారి ఆ బొటనవేలిని రెండు చేతులతో పట్టుకుని నీళ్ళలో అదిమి ఉంచింది నేనే.

ఆ తరవాతి సంస్కారం రోజున పళ్ళెం తాతయ్య దగ్గరికి వచ్చి ఆగింది. మామ్మ తన రొట్టెముక్క చేతిలోనే పట్టుకుని, కళ్ళు తెరుచుకుని అవతలి వరస వంక చూస్తూ కూర్చుంది. ఆయన నోట్లో పెట్టుకున్నాకే తను పెట్టుకుంది.

ఇప్పుడు తాతయ్య లేడు. నాకూ మోకాళ్ళు పట్టేసే వయసు వస్తోంది. ఎండాకాలం కుళాయిలు రానప్పుడు ఆ టబ్బులో నీళ్ళు పట్టి ఉంచుతారు, అంటే చివరికి అది గోలెమే అయిందన్నమాట. మొన్న పుట్టింటికి వెళ్ళినప్పుడు సబ్బు బాగా కలిపి, ఆనాటి పిల్ల కోరుకున్నట్టే మెడదాకా నురగలో పడుకున్నాను. తాతయ్య పొడుగే నాకూ వచ్చింది. ఎదురుగా నా బొటనవేలు పైకి లేచి నన్నే చూస్తోంది. దానివంక చూస్తూ నవ్వుకుంటుంటే, తలుపు బయట మామ్మ ముసలి గొంతు. "ఇంకా అవనేదేటే?" "అవలేదు మామ్మా, బొటనవేలు ములగలేదు" అన్నాను. "అయితే నెమ్మదిగానే రాయే" అంది.