అసిరమ్మ కుడిచెయ్యి

బిలాస్‌పూర్ నుంచి బయల్దేరే రైళ్ల ఏసీ పెట్టెల్లో పరిచే దుప్పట్లు అసిరమ్మ చేతుల మీదుగానే వెళ్లేవి. భర్త పోయిన నాటినుంచి, పద్నాలుగేళ్లుగా, ఓ కాంట్రాక్టరు లాండ్రీలో తడి దుప్పట్లను కాలే రోలర్ల మధ్యకి తోసే పని ఆమెది. ఏడాదిగా కుడిచెయ్యి వణుకుతోంది. పనిలో ఉన్నంతసేపూ తెలిసేది కాదు. ఖాళీగా ఉంటేనే మొదలయ్యేది. అందుకని ఆమె దాన్ని ఖాళీగా ఉంచేదే కాదు. నలుగురిలో కూర్చున్నా కొంగు మడతలు పెడుతూ, విప్పుతూ ఉండేది.

ఆదివారాలు మంగ్లా పేటలో ఓ బ్యాంకు ఆఫీసరుగారి ఇల్లు తుడవడానికి వెళ్లేది. వాళ్లమ్మాయి భవిత ఫొటోగ్రఫీ నేర్చుకుంటోంది. కూలగొట్టబోతున్న ఓ రైల్వే క్వార్టర్లో నలుపు తెలుపు ఫొటోలు తీస్తాను, మీరు కూర్చోవాలి అని బతిమాలింది. అసిరమ్మ కాదనలేకపోయింది. జుట్టు విరబోసుకుని కూర్చోమంటే సిగ్గుతో చచ్చినంత పనైంది. చేతులు ఒళ్లో పెట్టుకోగానే కుడిచెయ్యి వణకసాగింది. ఎడమచేత్తో అదిమింది.

"ఆపకండి ఆంటీ. అంతే, నాకు ఇదే కావాలి," అంది భవిత.

"ఇది ఎవులికీ సూపించకమ్మా. నా కూడు పోద్ది."

రాయ్‌పూర్‌లో ప్రదర్శనలో పెడతాం, ఇక్కడెవరూ చూడరు అంది ఆ పిల్ల. నిజంగానే అలా అనుకుంది.

కెమెరాని చాలాసేపు తెరిచి ఉంచి తీసిన ఆ ఫొటోలో ముఖం, జుట్టు, కుర్చీ అన్నీ స్పష్టంగా పడ్డాయి. కుడిచేతి చోట మాత్రం తెల్లటి పొగలా ఉంది. రాయ్‌పూర్‌లో జనం దాని ముందే ఎక్కువసేపు నిలబడ్డారట. ఎవరో ఫోన్లో తీసి పంపారు. చేతులు మారి మారి అది లాండ్రీ సూపర్‌వైజరు శివాజీకి చేరింది. వేడి రోలర్ల దగ్గర ఇలాంటి చెయ్యి పెట్టనివ్వనని అతను ఆమెను ఇంటికి పంపేశాడు.

భవిత ఏడుస్తూ లింగియాడీహ్‌లో ఆమె గదికి వచ్చింది. ఫొటో తీసేయించానంది. చెయ్యి కదలనట్టు ఫొటో తీయగలవా అని అడిగింది అసిరమ్మ. కెమెరాని రెప్పపాటు కన్నా తక్కువసేపు తెరిస్తే వణుకు పడదంది భవిత. అలాగే తీసి, అచ్చువేయించి ఇచ్చింది. వేళ్లు, గోళ్లు, పాత కాలిన మచ్చలు, అన్నీ నిలకడగా ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే అసిరమ్మ దాన్ని తీసుకెళ్లి శివాజీ ముందు చాపింది.

"సూడు బాబూ. నా సెయ్యికి ఏటీ నేదు."

శివాజీ అందుకోలేదు. ఆమె వేళ్ల మధ్య ఫొటో టపటపా కొట్టుకుంటోంది.

"కూకో పిన్నీ," అన్నాడు తలొంచుకుని.

అసిరమ్మ కూర్చోలేదు. సరిగా కనబడలేదేమోనని ఇంకాస్త ముందుకు చాపింది.