పాదరసం గదిలో ఒక ఖాళీ

ఎనభైల మొదట్లో, డాక్టరేట్ వచ్చి కూడా ఉద్యోగం లేక తిరుగుతున్న రోజుల్లో, విశాఖపట్నంలోని ఒక ప్రభుత్వ ప్రయోగశాల నుంచి నాకు ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. పీడనాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతుల మీద రెండేళ్ల పరిశోధన. నా సిద్ధాంత వ్యాసం కూడా దాని మీదే. వయోపరిమితి ప్రకారం నాకదే ఆఖరి అవకాశం. ఇలాంటి పని కోసం ఊరు కదిలేవాళ్లకు పనికొస్తుందని ఆనాటి సంగతి రాస్తున్నాను.

రాజమండ్రిలో ఎక్కిన రైలు తెల్లవారాక దువ్వాడ దాటింది. ఉక్కు కర్మాగారం కోసం తవ్వుతున్న ఎర్రమట్టి దుమ్ము కిటికీల్లోంచి లోపలికి కొట్టింది. స్టేషన్ బయట మూడు రూపాయలకు రిక్షా కుదిరింది. ఖనిజం గుట్టలున్న పోర్టు దగ్గరికి రాగానే, "కొంగు ముక్కుకి అడ్డెట్టుకోమ్మా, ఈ దుమ్ము మంచిది కాదు," అన్నాడు రిక్షా అతను.

ఇంటర్వ్యూ మధ్యాహ్నం. ముందే చేరుకోవడంతో, ఎంపికైనవాళ్లు ఎవరి కింద పనిచేయాలో ఆ శాస్త్రవేత్త రామ్మూర్తిగారి గదికి పంపారు. ఆయన పరిశోధన పత్రాలు చదివే నేను ఈ రంగంలోకి వచ్చాను. గది మధ్యలో నిలువెత్తు గాజుగొట్టాల్లో పాదరసం. ఉష్ణోగ్రత మారకూడదని కిటికీలన్నీ బిగించేశారు. గచ్చు పగుళ్లలో పాదరసం చుక్కలు మెరుస్తున్నాయి. ఆయన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సగం చొక్కా మీదే ఒలికింది.

"ఏటమ్మా అలా చూస్తన్నావు? పాదరసం ఆవిరి. నరాల్లోకి పోయింది," అన్నారు. గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టించమని ఎన్నిసార్లు అడిగినా పైవాళ్లు నరాల బలహీనత అని తేల్చేశారట. మరి ఎందుకు మానలేదని అడిగాను.

"ఈ కొలతలు నాను మొదలెట్టినవి. వదల్లేకపోయాను. నువ్వింకా మొదలెట్టలేదు కదా."

ఇంటర్వ్యూ బాగానే జరిగింది. చివర్లో ఏమైనా అడగాలా అంటే, ఆ గదికి ఫ్యాను ఎప్పుడు పెడతారని అడిగాను. మీకు పరిశోధన కావాలా, సౌకర్యాలు కావాలా అన్నాడు అధ్యక్షస్థానంలో ఉన్నాయన. గాలి కావాలండీ అన్నాను. తర్వాతి అభ్యర్థిని పిలిచారు.

సాయంత్రం గుమాస్తా బయటికొచ్చి నాతోపాటు ఇంటర్వ్యూకి వచ్చిన కాకినాడ కుర్రాడు డేవిడ్ ఎంపికయ్యాడని చెప్పాడు. బస్టాపులో అతనికి అంతా వివరించాను. "నేనూ చూశానండీ ఆయన చేతుల్ని. మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి, ఈ జీతం కావాలి," అని బస్సెక్కేశాడు.

మరుసటి ఏడు రామ్మూర్తిగారు మంచాన పడ్డారని, ఆ తర్వాతే గదికి ఫ్యాను వచ్చిందని తెలిసింది. డేవిడ్ ఏమయ్యాడో తెలియలేదు. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ రిటైరయ్యాను. పరిశోధన పోయిందన్న బాధ ఇప్పటికీ ఉంది. చాక్ పీసు పట్టుకున్న చెయ్యి మాత్రం ఎన్నడూ వణకలేదు. దానికి సంతోషించబోయినప్పుడల్లా ఆ కుర్రాడు గుర్తొస్తాడు. మీరు ఎంత పేరున్న ప్రయోగశాలకు వెళ్లినా సరే, అప్పటికే ఆ గదిలో పనిచేస్తున్న మనిషితో కాసేపు విడిగా మాట్లాడాకే ఒప్పుకోండి.